పులుసులో తెల్లపూస

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, డిగ్రీ విద్యార్థులూ వాళ్ల ఇళ్లవాళ్లూ కూర్చున్న హాల్లో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, రెండో వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ ఆదివారం కదా, ఇక్కడున్న చాలామంది ఇళ్లలో మధ్యాహ్నం చేపల పులుసు అయ్యే ఉంటుంది. తల ముక్క ఎవరి కంచంలో పడితే వాళ్లకి తెలుస్తుంది, కంటి గుంటలోంచి తెల్లటి పూస ఒకటి ఊడి వస్తుంది. మిరియం గింజంత ఉంటుంది, పెద్ద చేపైతే శనగగింజంత. పంటికింద పడితే రాయిలా తగులుతుంది. చిన్నప్పుడు నేను ఆ పూసలు కడిగి అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని. అదేమిటని అడిగితే మా అమ్మమ్మ "చేప కంట్లో ముత్యం" అనేది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పాను. ఇవాళ్టి మాటలు కూడా ఆ పూసతోనే మొదలుపెడతాను.

అది చేప కంటి లెన్స్. మన లెన్స్ పప్పుబద్దలా పల్చగా ఉంటుంది, చేపది గోళీలా గుండ్రంగా ఉంటుంది. మనం గాలిలో ఉంటాం కాబట్టి వెలుగుని వంచే పనిలో మూడింట రెండు వంతులు కంటి ముందున్న కార్నియాయే చేసేస్తుంది. నీళ్లలో కార్నియాకి ఆ బలం పోతుంది. భారమంతా లెన్స్ మీద పడుతుంది, అందుకని అది అంత గట్టిగా, అంత గుండ్రంగా ఉండాలి. ఈసారి పచ్చి తల తెచ్చుకున్నప్పుడు వండకముందే ఆ లెన్స్ బయటికి తీసి చూడండి. గాజుబిందువులా నిగనిగలాడుతుంది. పేపరు మీద పెడితే దాని కింద అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది. అదే పులుసులో ఉడికాక సున్నంలా తెల్లబడిపోతుంది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే తెల్లబడ్డట్టే. రెండిట్లోనూ ఉన్నది నీళ్లలో కరిగిన ప్రోటీన్. వేడికి ఆ ప్రోటీన్ విప్పారి ముద్దకడుతుంది, వెలుగు అందులోంచి నేరుగా దూరలేదు.

లెన్స్‌లో ఉండే ఈ ప్రోటీన్లని క్రిస్టలిన్లు అంటారు. చాలా చిక్కగా ఉండాలి, అయినా ముద్దకట్టకూడదు, వెలుగుని అడ్డుకోకూడదు, ఏళ్ల తరబడి చెడిపోకూడదు. ఇన్ని షరతులున్న సరుకు కాబట్టి కంటికోసమే ప్రత్యేకంగా తయారై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1980ల్లో ఒక్కో జంతువు క్రిస్టలిన్‌లో అమైనో ఆమ్లాల వరస చదవడం మొదలుపెట్టాక సంగతి బయటపడింది. బాతు కంట్లో ఉన్న ఒక క్రిస్టలిన్ ఏమిటంటే, లాక్టేట్ డీహైడ్రోజినేజ్. మన కండరాల్లో, గుండెలో రోజూ పనిచేసే ఎంజైమే. కోడి కంట్లో ఎక్కువగా ఉన్నది, మన కాలేయంలో యూరియా తయారీలో పాల్గొనే ఎంజైమ్‌కి తోబుట్టువు. స్క్విడ్ కంట్లో ఉన్నదేమో విషపదార్థాలని విరిచే ఎంజైమ్‌ల కుటుంబం నుంచి వచ్చింది. మన కంట్లో ముఖ్యంగా ఉన్న, చేప కంట్లోనూ ఉన్న ఆల్ఫా క్రిస్టలిన్ అయితే, ఎండదెబ్బకి ఒంట్లో మిగతా ప్రోటీన్లు పాడవకుండా కాపాడే ప్రోటీన్ల ఇంటిది.

ఒకసారి ఆలోచించండి. బాతుకీ కోడికీ స్క్విడ్‌కీ మనకీ లెన్స్ చేసే పని ఒకటే. కానీ సరుకు ఒక్కొక్కరు ఒక్కో కొట్టు నుంచి తెచ్చుకున్నారు. ఒంట్లో అప్పటికే ఉన్నవాటిలో గట్టిగా ఉండేది, బాగా కరిగేది ఏది చేతికందితే అది వాడుకున్నారు. బాతు సంగతి ఇంకా వింత. అదే జన్యువు గుండెలో ఎంజైమ్‌గా పాత పని చేస్తుంది, కంట్లో లెన్స్‌గా కొత్త పని చేస్తుంది. ఒక్క జన్యువుకి రెండు ఉద్యోగాలు.

జీవపరిణామంలో కొత్తది ఎలా పుడుతుందని నన్ను అడిగితే నేను చూపించేది ఈ పూసనే. కొత్తది ఏది కనబడినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది అంతకుముందు ఏం పని చేసేది?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1871లో సెయింట్ జార్జ్ మైవార్ట్ అనే ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త డార్విన్‌ని గట్టిగా నిలదీశాడు. పూర్తి రెక్క ఉంటే ఎగరొచ్చు, బాగానే ఉంది, సగం రెక్కతో ఏం ప్రయోజనం? ప్రయోజనం లేనిది తరతరాలుగా ఎలా నిలుస్తుంది? న్యాయమైన ప్రశ్న. డార్విన్ దాన్ని పక్కన పెట్టెయ్యలేదు. మరుసటి ఏడాది వచ్చిన తన 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' గ్రంథం ఆరో కూర్పులో ఇలాంటి అభ్యంతరాల కోసం ఒక అధ్యాయమే కొత్తగా చేర్చాడు. సగం రెక్క సగం ఎగరడానికి కాదు, వేరే పనికి పూర్తిగా పనికొచ్చి ఉండొచ్చు, పని తర్వాత మారి ఉండొచ్చు అన్నది ఆయన జవాబు సారం. ఈకల సంగతి అలాగే తేలింది. 1996లో చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఒంటిమీద నూగులాంటి తొలి ఈకలున్నాయి. ఎగిరే రెక్కలు దానికి లేవు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోడానికో, తోటివాళ్లకి కనబడ్డానికో ఉన్న ఈకలు తర్వాత ఎగరడానికి అక్కరకొచ్చాయి.

కానీ పాత పని మానేసి కొత్త పనికి వెళ్లిపోతే, పాత పని ఎవరు చెయ్యాలి? బాతు ఎంజైమ్ రెండూ చెయ్యగలిగింది. అన్నిసార్లూ కుదరదు కదా.

దీనికి జవాబు ఊహించినవాళ్లలో ఒకాయన మనకి చాలా దగ్గర. జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండ్‌లో పుట్టి, మన దేశానికొచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, చివరికి భువనేశ్వర్‌లో స్థిరపడి 1964 డిసెంబరు 1న అక్కడే పోయారు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని రాసి పెట్టారు. ఆయన అస్థిపంజరం ఆ కాలేజీలోనే ఉంది. ఇక్కడినుంచి రైలెక్కితే మూడు గంటల దూరం. మెడిసిన్ చదివే పిల్లలకి ఎముకలు చూపించి పాఠం చెప్పే చోట, ఇరవయ్యో శతాబ్దపు పరిణామ శాస్త్రాన్ని నిలబెట్టిన ముగ్గురు నలుగురిలో ఒకరు ఉన్నారన్నది తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆయన 1932లోనే అన్నారు: ఒక జన్యువు పొరపాటున రెండు ప్రతులు అయితే, ఒకటి పాత పని చూసుకుంటుంది, రెండోది మారడానికి స్వేచ్ఛ ఉంటుంది అని. అప్పటికి డీఎన్ఏ నిర్మాణం తెలియదు, జన్యువంటే ఏ పదార్థమో కూడా తేలలేదు. 1970లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త దీన్నే పెద్ద సిద్ధాంతంగా విస్తరించాడు.

అదనపు ప్రతి అంటే ఏమిటో చేపల్లో చూద్దాం. పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే టేకు చేప ఒకటుంది, వలలో పడితే వేటకెళ్లినవాళ్లు దాన్ని ఒట్టి చేత్తో ముట్టరు. దాని ఒంట్లో కరెంటు పుట్టించే అవయవం కండరం నుంచి వచ్చింది. మన కండరం ముడుచుకునేటప్పుడు కూడా కణం పొర మీద చిన్న కరెంటు పుడుతుంది, ఈసీజీలో పడేది అలాంటి కరెంటే. ఒక్కో కణం వోల్టులో పదో వంతు ఇస్తుంది. టార్చిలైట్లో సెల్స్ వరసగా పేర్చినట్టు ఈ కణాలని వేలల్లో పేరిస్తే దెబ్బ కొడుతుంది. కండరం ముడుచుకోవడం మానేసి, ఆ చిన్న కరెంటునే తన పనిగా చేసుకుందన్నమాట. చేపల్లో ఇది కనీసం ఆరుసార్లు విడివిడిగా జరిగింది. దక్షిణ అమెరికా నదుల్లో ఒకలా, ఆఫ్రికా నదుల్లో ఒకలా, సముద్రంలో ఇంకోలా.

వీటిలో దక్షిణ అమెరికా చేపలకీ ఆఫ్రికా చేపలకీ చుట్టరికం దూరం. వాటి ఉమ్మడి పూర్వీకులకి కరెంటు అవయవం లేదు. కానీ ఎముకల చేపల్లో చాలా పూర్వం జన్యువులన్నీ ఒకేసారి రెండింతలయ్యాయి. అప్పుడు కండరంలో ఆ చిన్న కరెంటు పుట్టించే సోడియం ద్వారాలు తయారుచేసే జన్యువుకి కూడా రెండో ప్రతి వచ్చింది. రెండు ప్రతులూ కండరంలోనే పనిచేస్తూ సుమారు 10 కోట్ల ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత ఎప్పుడో అమెరికా చేపల్లో ఒకసారి, ఆఫ్రికా చేపల్లో ఒకసారి ఆ రెండో ప్రతి కండరం వదిలేసి కరెంటు అవయవానికి మారింది, మారాక చకచకా కొత్త రూపాలు దిద్దుకుంది. రెండు ఖండాల్లోనూ అదే ప్రతి! ఇంట్లో అటక మీద పడున్న రెండో గిన్నె ఏదో ఒకనాడు అక్కరకొచ్చినట్టు.

ఇప్పుడు మార్కెట్‌కి వద్దాం. కొరమేను అమ్మేచోట టబ్బు దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. నీళ్లు జానెడు కూడా ఉండవు, చేపలు కుక్కి ఉంటాయి, అయినా చావవు. ఒక్కొక్కటీ మూతి పైకెత్తి గుటకేసి కిందికి పోతుంది. అది గాలి పీలుస్తోంది. పైకి రానివ్వకుండా వల కట్టి నీళ్లలోనే ఉంచితే కొరమేను ఊపిరాడక చస్తుంది, చేప అయ్యుండి.

మన చెరువుల్లో గాలి పీల్చే చేపలు ఇంకా ఉన్నాయి. మార్పు, ఇంగిలాయి. ముళ్లుండే నల్లటి చేపలు, పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకి బాగా తెలుసు. మూడూ బురద చెరువుల్లో, ఆక్సిజన్ లేని నీళ్లలో బతకాల్సి వచ్చింది. మూడూ గాలి పీల్చడం నేర్చుకున్నాయి. కోసి చూస్తే మూడిట్లో మూడు ఏర్పాట్లు. కొరమేనుకి మొప్పల పైన ఒక గది ఉంటుంది, లోపల రక్తనాళాలు నిండిన మడతల పొర. మార్పుకి మొప్పల కమాను మీంచి ఎర్రటి చిన్న చెట్లు మొలిచినట్టు ఉంటాయి, నిజంగా కొమ్మలూ రెమ్మలూ ఉన్నట్టే. మొదటిసారి ట్రేలో తెరిచి చూపించినప్పుడు పిల్లలు దాన్ని పగడం అనుకున్నారు. ఇంగిలాయికి మొప్పల గది నుంచి రెండు పొడుగాటి గొట్టాలు వెన్ను పక్క కండలో దూరి తోక వైపు దాకా పోతాయి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి చెప్తాను. ఎముకల చేపల తొలి పూర్వీకులకి ఊపిరితిత్తులు ఉండేవి. అవును, మనకున్న ఊపిరితిత్తుల మూలమే అది. మనం నేలమీదికొచ్చాక కొత్తగా చేసుకున్నది కాదు. చాలా చేపల్లో ఆ తిత్తి తర్వాత తేలడానికి పనికొచ్చే గాలితిత్తి అయిపోయింది. చేప కడిగేటప్పుడు తెల్లగా బుడగలా వస్తుందే, అదే. కొరమేను వంశంలో ఆ తిత్తికీ గొంతుకీ మధ్య గొట్టం కూడా మూసుకుపోయింది. కాబట్టి మళ్లీ గాలి అవసరమైన రోజున తాతల ఊపిరితిత్తి కడుపులోనే ఉంది, కానీ దానికి తలుపు లేదు. అప్పుడు మొప్పల పక్క చోటు వాడుకోవాల్సి వచ్చింది. వెనక్కి వెళ్లి మొదటినుంచి గీసుకునే వీలు జీవానికి లేదు. ఉన్న ఇంట్లో ఉంటూనే గోడలు మార్చుకోవాలి.

ఇంక సొర చేప. కొన్నేళ్ల కిందట విద్యార్థులని తీసుకుని తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. పడవలు అప్పుడే వచ్చాయి, నేలంతా ఐసు నీళ్లు, కాకులు. ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని పాల సొర కోస్తోంది. కడుపు చీరగానే లోపల నాలుగు పిల్లలు, ఒక్కోటీ అరచెయ్యి పొడుగు. ఒక పిల్లని ఎత్తితే దాని ఛాతీ దగ్గర నుంచి సన్నటి పేగు తాడులా వేలాడుతోంది. ఆవిడ తలెత్తకుండానే, "ఇది మనలాగే మాయతో కంటాదమ్మా" అంది.

నేను క్లాసులో బోర్డు మీద గీసి చెప్పిన పాఠం ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. పాల సొరలో పిల్లకి బొడ్డుతాడు ఉంటుంది, మాయ, అంటే ప్లాసెంటా, ఉంటుంది. పుట్టిన పిల్ల ఛాతీ రెక్కల మధ్య కొన్నాళ్లు బొడ్డు మచ్చ కూడా కనిపిస్తుంది. సొరల మాయ సంగతి అరిస్టాటిల్ తన కాలంలోనే రాశాడు. రెండు వేల ఏళ్లు దాటాక, 1842లో జర్మనీలో యోహనెస్ మ్యుల్లర్ కోసి చూసి అది నిజమేనని తేల్చాడు. కడుపుతో ఉన్న సొరని చూడటం ఆ రోజు నాకు సంతోషంగా లేదు. సొరలు ఆలస్యంగా ఈడుకొస్తాయి, ఈతకి కొద్ది పిల్లలనే కంటాయి. అలాంటి జాతి తల్లులతో సహా వలలో పడుతుంటే ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఇక్కడ బాలింతలకి సొరపుట్టు పెట్టే అలవాటు ఉంది, నేనూ తిన్నాను. అయినా ఈ మాట చెప్పాలనిపించి చెప్తున్నాను.

సొర మాయ, మన మాయ ఒకటి కావు. సొర తన పచ్చసొన సంచినే గర్భాశయం గోడకి అతికించి మాయగా చేసుకుంది. మన మాయ పిండం చుట్టూ ఉండే వేరే పొరల నుంచి వచ్చింది. మన మాయలో ఇంకో విచిత్రం ఉంది. తల్లి రక్తానికి తగిలే వైపు లక్షల కణాలు గోడలు చెరిపేసుకుని ఒకే పొరగా కలిసిపోతాయి. అలా కలిపే ప్రోటీన్‌ని సిన్‌సిటిన్ అంటారు, 2000లో దాని మూలం తెలిసింది. అది ఒక వైరస్‌ది. వైరస్ మన కణంలోకి దూరాలంటే తన పొరని కణం పొరతో కలపాలి, అందుకు వాడే ప్రోటీన్ అది. కొన్ని కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల బీజకణంలోకి దూరిన వైరస్ ఒకటి జన్యువుల్లో చిక్కుకుపోయి తరతరాలుగా దిగుతూ వచ్చింది. దాని తాళంచెవి మాయకి పనికొచ్చింది. ఎలుకల మాయలోనూ ఇలాంటి ప్రోటీనే ఉంది, కానీ అది ఇంకో వైరస్ నుంచి. కుందేలుకి మరో వైరస్, ఆవులకి మరోటి. ఎలుకలో ఆ జన్యువు తీసేస్తే పిల్ల కడుపులోనే చచ్చిపోతుంది. అంటే ఇది అలంకారానికి ఉన్నది కాదు.

ఎవరో చెయ్యెత్తారు... అవునమ్మా, జబ్బు చేసే వైరస్సే. అది తన లాభానికే దూరింది. మనకి మేలు చెయ్యాలని రాలేదు.

ఈ రెండు ఆకులూ అందరూ చూడండి, ఒక్కొక్కరూ చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. ఒకటి చెరకు ఆకు, అనకాపల్లి వైపు నుంచి వచ్చింది. రెండోది వరి. వెలుగుకి ఎత్తి పట్టుకోండి. చెరకు ఆకులో ఈనెలు దగ్గర దగ్గరగా ఉంటాయి, వరిలో కాస్త ఎడంగా ఉంటాయి. ఆ చిన్న తేడాలో పెద్ద కథ ఉంది.

ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే ఎంజైమ్ పేరు రుబిస్కో. గాలిలో ఆక్సిజన్ అంతగా లేని కాలంలో పుట్టింది కాబట్టి దానికి రెండిటికీ తేడా సరిగ్గా తెలియదు. కార్బన్ డయాక్సైడ్ బదులు అప్పుడప్పుడూ ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆ తప్పు దిద్దుకోడానికి మొక్క కష్టపడి సంపాదించిన శక్తి ఖర్చు పెట్టాలి. మన మే నెల ఎండల్లో ఈ పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. చెరకు దీనికో ఉపాయం చేసుకుంది. బయటి కణాల్లో వేరే ఎంజైమ్, ఆక్సిజన్‌తో ఎప్పుడూ పొరబడనిది, కార్బన్‌ని పట్టుకుని నాలుగు కార్బన్ల ఆమ్లంగా మారుస్తుంది. అది ఈనె చుట్టూ దండలా ఉన్న లోపలి కణాల్లోకి చేరుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. రుబిస్కో ఆ లోపలి గదిలోనే ఉంటుంది, చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి తప్పు చేసే సందు తక్కువ. ఈనెలు దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా, బయటి కణానికీ లోపలి కణానికీ మధ్య నడక తక్కువ ఉండాలి. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు చెరకు మీద పనిచేసి ఈ దారిని గీశారు. దీన్ని సీ4 అంటారు.

రెండు రకాల కణాలు, అరడజను ఎంజైమ్‌లు, కొత్త ఏర్పాటు, ఇన్ని కలిసిరావాలి. ఇంత చిక్కుపని ఒక్కసారి జరగడమే గొప్ప అనిపిస్తుంది. మొక్కల్లో ఇది 60 సార్లకి పైగా విడివిడిగా జరిగింది. మన చుట్టూ చూడండి. చెరకు, జొన్న, మొక్కజొన్న ఒక ఇంటివి. మన ఉత్తరాంధ్ర చోడి, వినాయకుడికి పెట్టే గరిక ఇంకో ఇంటివి. తోటకూర అసలు గడ్డే కాదు, దానిది సొంత దారి. పొలంలో ఎంత పీకినా చావని తుంగ, గట్టుమీద గంగపావిలి, కాలికి గుచ్చుకునే పల్లేరు, అన్నీ సీ4 మొక్కలే, వేరువేరు కుటుంబాలు. ఎండాకాలం మీ పెరట్లో వాడిపోనివి ఏవో రాసుకోండి, వాటిలో చాలావరకు ఇవే ఉంటాయి.

ఎందుకిన్నిసార్లు? మళ్లీ అదే ప్రశ్న వెయ్యాలి. ఆ ఎంజైమ్‌లు అంతకుముందు ఏం పని చేసేవి? అవన్నీ వరిలో కూడా ఉన్నాయి, చింతచెట్టులోనూ ఉన్నాయి, చిన్న చిన్న ఇంటిపనులు చేస్తూ. కొత్తగా చెయ్యాల్సింది, ఎక్కడ ఎక్కువ తయారవ్వాలి, ఎక్కడ తక్కువ అన్నది మార్చడం. మరి అందరికీ ఎందుకు రాలేదు? గడ్డి జాతుల్లో ఈ మార్పు వచ్చిన కొమ్మలని పోల్చి చూశారు. అవి సీ4 కాకముందే, వేరే కారణాలకి, ఈనెచుట్టు కణాలు పెద్దవిగా ఉన్నాయి. లోపలి గది ముందే విశాలంగా ఉంది. సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయినప్పుడు, గది సిద్ధంగా ఉన్నవాళ్లు మారగలిగారు. వరిని కూడా ఇలా మార్చాలని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పాటుపడుతున్నారు, ఇంకా చేతికి రాలేదు. అన్నం తినే ఊరివాళ్లం కాబట్టి ఆ పని ఫలించాలని మనసారా కోరుకుంటున్నాను.

గదులు సిద్ధంగా ఉండటం అన్నాను. ఆ మాట పాత శిలాజాలు చూసి ఊహించింది కాదు, కళ్ల ముందు జరిగింది ఒకటుంది. 1988 ఫిబ్రవరిలో అమెరికాలో రిచర్డ్ లెన్స్కీ 12 ఫ్లాస్కుల్లో ఈ-కొలై బ్యాక్టీరియాని పెంచడం మొదలుపెట్టాడు. మన పేగుల్లో ఉండే మామూలు సూక్ష్మజీవి. రోజూ ప్రతి ఫ్లాస్కులోంచి వందో వంతు తీసి కొత్త ద్రవంలో వెయ్యాలి. పండగలేదు పబ్బంలేదు, రోజూ. ప్రతి 500 తరాలకి కొంత తీసి ఫ్రీజర్లో దాచాలి. ఆ ద్రవంలో తిండిగా గ్లూకోజ్ కొంచెమే ఉంటుంది. సిట్రేట్ మాత్రం బోలెడు ఉంటుంది, నిమ్మకాయ పులుపులో ఉండేదే. కానీ ఈ-కొలైకి ఆక్సిజన్ ఉన్నచోట సిట్రేట్ తినడం చేతకాదు. కంచం నిండా ఉన్నా నోటికందదు.

పదిహేనేళ్లు అలాగే గడిచింది. 2003లో, సుమారు 33,000 తరాల దగ్గర, ఒక ఫ్లాస్కు తెల్లారేసరికి చిక్కటి మజ్జిగలా మసకబారింది. బయటి సూక్ష్మజీవి పడి పాడైందేమో అనుకున్నారు. కాదు, సిట్రేట్ తినడం వచ్చింది. పన్నెండిట్లో ఆ ఒక్కదానికే వచ్చింది. అక్కడితో ఆగకుండా జాకరీ బ్లౌంట్ అనే పరిశోధకుడు ఫ్రీజర్లోంచి పాత తరాలని లేపి మళ్లీ పెంచాడు. మొదటి తరాలని లేపితే ఎన్నిసార్లు పెంచినా సిట్రేట్ తినడం రాలేదు. 20,000 తరం దాటినవాటిని లేపితే అప్పుడప్పుడూ మళ్లీ వచ్చింది. అంటే అంతకుముందే, సిట్రేట్‌తో సంబంధం కనబడని మార్పులేవో జరిగి గది సిద్ధం చేశాయి. ఆఖరి అడుగు ఏమిటో 2012లో తెలిసింది. సిట్రేట్‌ని లోపలికి తెచ్చే జన్యువు ఆ బ్యాక్టీరియాలో ఎప్పుడూ ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు మాత్రమే పనిచేసేది. పొరపాటున దాని రెండో ప్రతి వచ్చి, ఆక్సిజన్ ఉన్నప్పుడు వెలిగే స్విచ్ పక్కన పడింది. హాల్డేన్ గారు చెప్పిన రెండో ప్రతి, ఫ్లాస్కులో, తేదీతో సహా దొరికింది.

ఒకటి మాత్రం వీటితో కలపకూడదు. మన దాదాపు ప్రతి కణంలో ఉండి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా. అది ఇంకో కణంలో చేరి అక్కడే ఉండిపోయింది. మొక్కలు, పుట్టగొడుగులు, మనం, అందరం ఆ ఒక్క కలయిక సంతానమే. ఊపిరికి బోలెడు దారులు, సీ4కి అరవై, దీనికి ఒక్కటే. సమయం అయిపోవచ్చింది కాబట్టి దీని గురించి ఇంకోసారి వివరంగా కూర్చుందాం.

ఆకులు తిరిగి వచ్చాయా? ఉంచండి. ఏమైనా అడగాలంటే అడగండి.

ఆఖరి వరసలో మాస్టారు... మైకు ఇవ్వండి బాబూ. మీకు పోయిన నెల శుక్లాల ఆపరేషన్ అయిందంటున్నారు. లెన్స్ వండితే తెల్లబడుతుంది సరే, వండకుండానే ముసలితనంలో ఎందుకు తెల్లబడింది అంటున్నారు. చాలా మంచి ప్రశ్న అడిగారండీ.

వేడి లేకపోయినా ప్రోటీన్ నెమ్మదిగా విప్పారి ముద్దకడుతుంది. ఎండ, వయసు, షుగరు, అన్నీ దానికి తోడవుతాయి. మామూలుగా ఒంట్లో పాడైన ప్రోటీన్‌ని కణం పారేసి కొత్తది చేసుకుంటుంది. లెన్స్ లోపలి కణాలకి ఆ వీలు లేదు, వెలుగుకి అడ్డం రాకుండా అవి తమ కేంద్రకాన్నే పారేసుకుంటాయి. ఉన్నదానితోనే జీవితాంతం నెట్టుకురావాలి. మరి డెబ్బై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చాయి? ఆల్ఫా క్రిస్టలిన్ ఎండదెబ్బ నుంచి కాపాడే ప్రోటీన్ల ఇంటిదని మొదట్లో అన్నాను కదా. అది ఆ పాత పని మానలేదు. 1992లో జోసెఫ్ హోర్విట్జ్ పరీక్షనాళికలో చూపించాడు, పక్కనున్న ప్రోటీన్ విప్పారబోతే ఆల్ఫా క్రిస్టలిన్ దాన్ని పట్టుకుని ముద్దకట్టనివ్వదు. వెలుగుని వంచుతూనే ఇన్నేళ్లూ కాపలా కూడా కాసింది. కాపలాకి కొత్తవాళ్లు రారు, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే నిండిపోతారు. అంతా నిండిపోయాక శుక్లం కమ్ముతుంది.

మీ లెన్స్ నడిమధ్యన ఉన్న ప్రోటీన్ మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడు తయారైంది మాస్టారూ. పోయిన నెల డాక్టరు గారు తీసింది దాన్నే.